నా పాన్ మీద ఎవరో మూడు లోన్లు తీశారు, కట్టమని నన్ను తరుముతున్నారు. ఏం చేయాలి?

గోదారిగట్టు
రాజమండ్రి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంతవరకు ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, క్రెడిట్ కార్డు కూడా లేదు. పోయిన నెల ఇంటి లోన్ కోసం బ్యాంకుకు వెళ్తే మేనేజర్ గారు కంప్యూటర్ చూసి, "మీకు ఇప్పటికే మూడు లోన్లు బకాయి ఉన్నాయి కదమ్మా" అన్నారు. ఇంకెవరిదో చూసి చెబుతున్నారనుకున్నాను. క్రెడిట్ స్కోరు (అప్పు సరిగ్గా తీరుస్తామో లేదో చెప్పే అంకె) 541. ఒకటి 18,400 సెల్‌ఫోన్ వాయిదాల లోన్. మిగతావి 65,000 ఒకటి, 1,40,000 ఒకటి, రెండూ పర్సనల్ లోన్లే. అన్నీ యాప్‌లలో తీసినవి. అడ్రసు నేను ఎప్పుడూ కాలు పెట్టని ఊరు. ఫోన్ నంబరు నాది కాదు. పాన్, పుట్టిన తేదీ మాత్రం నావే.

వసూలు వాళ్లు స్కూలుకు ఫోన్ చేసి ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. స్టాఫ్ రూములో అందరికీ తెలిసిపోయింది. మా మావయ్య గారు "చిన్నది 18 వేలే కదమ్మా, కట్టేసి పరువు నిలుపుకుందాం" అంటున్నారు. మా ఆయన నోరు తెరిచి ఏమీ అడగలేదు. కానీ "నిజంగా నువ్వు తీయలేదు కదా" అన్నట్టు ఒక చూపు చూశారు. లోన్ల కంటే అదే ఎక్కువ బాధగా ఉంది. చిన్నది కట్టేయమంటారా?

బ్యాంకు_రిటైర్డ్
కట్టకండి. ఒక్క రూపాయి కూడా. కట్టారంటే ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు వాళ్లు రాసుకుంటారు, మిగతా రెండింటికీ దాన్నే చూపిస్తారు. ముందు పూర్తి క్రెడిట్ రిపోర్టు దించుకోండి, వివరంగా రాత్రికి రాస్తాను.

ఒంగోలు_గిత్త
18 వేలకు స్టేషన్ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగడమంటే ఆరు నెలలు స్కూలుకు సెలవు పెట్టుకోవాలి అక్కా. చిన్నది వదిలించుకుని పెద్దవాటి మీద పోరాడితే పోదా? ఇంటి లోన్ ముఖ్యం కదా.

కరీంనగర్_అన్న
గిత్త బ్రో, నేను అదే చేసిన. విను.

నా పాన్, ఆధార్ జిరాక్సులు వాడి నా సొంత బావమరిది బండి లోన్ తీసిండు. తీసింది అతనేనని నాకు ఏడాది తర్వాత తెలిసింది. కేసు పెడదామంటే మా అత్తమ్మ ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా భార్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. సరేలే అని లోన్ కంపెనీతో మాట్లాడుకుని 52 వేలకు సెటిల్ చేసుకున్న. అయిపోయిందనుకున్న. కానీ రిపోర్టులో "క్లోజ్డ్" అని పడలేదు, "సెటిల్డ్" అని పడ్డది. సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టకుండా బేరమాడి బయటపడ్డాడని బ్యాంకు వాళ్ల లెక్క. రెండేళ్లయింది. ఇప్పటికీ ఏ బ్యాంకుకు పోయినా దాన్నే చూపించి వెనక్కి పంపుతున్నరు. ఇప్పుడు అది నాది కాదని మొత్తుకున్నా "మరి ఎందుకు కట్టారు సార్" అంటున్నరు. నా దగ్గర జవాబు లేదు.

వరంగల్_పిల్ల
అన్నా, బావమరిదైతే మాత్రం? నీ బతుకు పాడైంది కదా. కేసు పెట్టాల్సింది.

కరీంనగర్_అన్న
చెల్లె, పెట్టాల్సిందని నాకూ తెలుసు. మా అత్తమ్మ ముఖం చూసి పెట్టలేకపోయిన. ఆ సంగతి వదిలెయ్. ఈ అక్కది బయటోడు చేసిన మోసం, ఇంట్ల అడ్డమొచ్చేటోళ్లు ఎవరూ లేరు. అందుకే కట్టొద్దంటున్న.

ఒంగోలు_గిత్త
సెటిల్డ్ సంగతి నాకు తెలియదు అన్నా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బ్యాంకు_రిటైర్డ్
గోదారిగట్టు గారూ, రాత్రికి రాస్తానన్నది ఇదీ.

అందరూ "సిబిల్" అంటారు కానీ మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు (మన అప్పుల లెక్క రాసిపెట్టే సంస్థలు) నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒకదాంట్లో ఉన్న లోన్ ఇంకోదాంట్లో లేకపోవచ్చు. బ్యాంకు మీకు చూపించింది ఒక్కదాని రిపోర్టే. మూడు అంటున్నారు, నాలుగోది వేరేచోట దాక్కుని ఉండొచ్చు. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన. నాలుగు చోట్లా తీయండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

రిపోర్టు చివర "ఎంక్వైరీలు" అని ఒక పట్టిక ఉంటుంది. మీ పేరు మీద ఎవరెవరు లోన్ కోసం ప్రయత్నించారో అక్కడ తేదీలతో ఉంటుంది. లోన్ రాక తిరస్కరించినవి కూడా కనిపిస్తాయి. ఆ దొంగ ఎప్పుడు మొదలుపెట్టాడో దాన్నిబట్టి తెలుస్తుంది. లోన్ల మీద అభ్యంతరం పెట్టేటప్పుడు ఆ ఎంక్వైరీల మీద కూడా పెట్టాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

తరువాత, లోన్ ఇచ్చిన ప్రతి కంపెనీకి విడివిడిగా మెయిల్ రాయండి. ఫోన్లో మాట్లాడొద్దు, అంతా రాతలోనే ఉండాలి. "ఈ లోన్ నేను తీసుకోలేదు" అని రాసి ఊరుకోకండి. ఇవి అడగండి: లోన్ అగ్రిమెంటు, కేవైసీ కాగితాలు, అప్పుడు తీసిన సెల్ఫీ, ఓటీపీ వెళ్లిన ఫోన్ నంబరు, డబ్బు జమ అయిన బ్యాంకు అకౌంటు. యాప్‌ల లోన్ డబ్బు అప్పు తీసుకున్నవారి సొంత ఖాతాలోనే పడాలని ఆర్బీఐ 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. కాబట్టి ఆ 65,000, ఆ 1,40,000 ఎవరి ఖాతాలో పడ్డాయన్నదే మీ కేసుకు ఆయువుపట్టు.

గోదారిగట్టు
చదువుతూ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను సార్. ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి వాళ్లు?

బ్యాంకు_రిటైర్డ్
30 రోజులు. బ్యూరోకు పెట్టినా, కంపెనీకి పెట్టినా మొత్తం కలిపి 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. అందుకే మెయిల్ పెట్టిన తేదీ, ఫిర్యాదు నంబరు మీ నోట్‌బుక్కులో తప్పకుండా ఉండాలి.

డాలస్_బాబాయ్
మా ఇక్కడైతే మూడు బ్యూరోల దగ్గరా క్రెడిట్ "ఫ్రీజ్" చేసి పెట్టుకుంటాం. మనం తాళం తీసేదాకా కొత్త లోన్ పుట్టదు. 2017లో ఈక్విఫాక్స్ నుంచి 14 కోట్ల మందికి పైగా జనం వివరాలు బయటకు పోయాయి. ఆ గొడవ తరువాత 2018 సెప్టెంబరు నుంచి ఫ్రీజ్ ఉచితం చేశారు. అక్కడ కూడా అలాగే ఫ్రీజ్ చేయించమ్మా.

వరంగల్_పిల్ల
బాబాయ్, ఆ తాళం మన దగ్గర ఇంకా లేదు. అక్కడున్న పద్ధతే ఇక్కడా ఉంటే ఈ అక్కకు ఈ పని పడేదే కాదు.

డాలస్_బాబాయ్
లేదా? నేను ఉందనుకున్నాను, తప్పు నాదే. కానీ ఇక్కడ కూడా ఫ్రీజ్ ఒక్కటే సరిపోదు. నా సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఎవరో టాక్స్ రిటర్న్ వేసి రిఫండ్ కొట్టేశారు. నా అసలు రిటర్న్ వెనక్కి వచ్చింది, అప్పుడు తెలిసింది. గుర్తింపు దొంగతనం మీద ఇచ్చే ఫారం 14039 నింపి పంపాను. తేలేసరికి ఏడాది దాటింది. అప్పటినుంచి ప్రతి సంవత్సరం ఇక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ఆరంకెల పిన్ లేకుండా నా రిటర్న్ ఎవరూ వేయలేరు. ఆ ఏడాదంతా పోస్టు డబ్బా తెరవాలంటేనే చేతులు వణికేవి.

మచిలీపట్నం_బుల్లోడు
అక్కా, ఎమ్‌ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసెయ్. ఇక ఎవడూ ఏమీ పీకలేడు.

లా_చదువుతున్నా
లాక్ చేయడం మంచిదే, కానీ అది వేలిముద్ర, కంటిపాపతో జరిగేవాటిని ఆపుతుంది. ఓటీపీతో జరిగేవి ఆగవు. దానికి ఆధార్ నంబరునే లాక్ చేసి వర్చువల్ ఐడీ (ఆధార్ నంబరుకు బదులు ఇచ్చే తాత్కాలిక నంబరు) వాడుకోవాలి. పాన్ మీద, దొంగ కాగితాల మీద పుట్టిన లోన్‌ను రెండూ ఆపలేవు. ఎమ్‌ఆధార్‌లో "అథెంటికేషన్ హిస్టరీ" చూడండి. మీ ఆధార్ ఏ రోజు ఏ సంస్థ దగ్గర వాడారో కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

స్టేషన్ సంగతి. ముందు సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. డబ్బు ఇప్పుడే పోయి ఉంటే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం మొదటి పని, మీది పాత మోసం కాబట్టి పోర్టలే సరిపోతుంది. కానీ పోర్టల్ రసీదు ఎఫ్‌ఐఆర్ కాదు. లోన్ కంపెనీలు ఎఫ్‌ఐఆర్ కాపీ అడుగుతాయి. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66సీ ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడటం గురించి, 66డీ కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం గురించి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 2024 జులై 1 తరువాత జరిగినదైతే భారతీయ న్యాయ సంహిత 318 (మోసం), 319 (వేరొకరిలా నటించి మోసం) కూడా రాయించండి.

గోదారిగట్టు
నిన్న స్టేషన్‌కు వెళ్లాను. "లోన్లు తీసింది వేరే రాష్ట్రంలో, మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి" అన్నారు. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారు. కాగితం కూడా తీసుకోలేదు. ఇంటికి వచ్చి ఏడ్చాను. పిల్లలకు పరీక్షలు, పేపర్లు దిద్దాల్సినవి అలాగే ఉన్నాయి.

కరీంనగర్_అన్న
గుండె ధైర్యం చేస్కో అక్కా. మొదటిసారి అందర్నీ అట్లనే తిప్పి పంపుతరు.

లా_చదువుతున్నా
పరిధి కాదని పంపకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది అదే. మళ్లీ వెళ్లినప్పుడు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, 173(4) అందుకే ఉంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

ఇంకొకటి, ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఎస్సై గారు వెనకాడితే గొడవ పెట్టుకోకండి. సీఐ గారు ఉన్న సమయం కనుక్కుని వెళ్లండి.

నిడదవోలు_మాస్టారు
అమ్మా, మా ఊరు మీకు పక్కనే. ఎల్లుండి ఆదివారం. తోడు రమ్మంటే వస్తాను. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను. ఈ చుట్టుపక్కల స్టేషన్లలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు.

వరంగల్_పిల్ల
మాస్టారూ, మీరు స్టేషన్‌లోకి వెళ్తే వాళ్లే లేచి నిలబడి అటెండెన్స్ చెబుతారేమో 😄

నిడదవోలు_మాస్టారు
చెబుతారు తల్లీ. ఒకడైతే ఇప్పటికీ ఎక్కాలు అడుగుతానేమోనని భయపడతాడు.

చీరాల_నేత
మా అమ్మ సంగతి చెప్పనివ్వండి. డ్వాక్రా గ్రూపులో ఉన్నప్పుడు లీడరు ఏవేవో కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంది. తరువాత మైక్రోఫైనాన్స్ లోన్ ఒకటి అమ్మ పేరు మీద తేలింది. అమ్మకు చదువు రాదు. అది సిబిల్‌లో కనిపించలేదు, క్రిఫ్ హైమార్క్‌లో బయటపడింది. పైన సార్ నాలుగూ తీయమన్నది అక్షరాలా నిజం.

బెజవాడ_ఆటో
లోన్ ఒక్కటే కాదండీ. నా పాన్ మీద ఎవరో ఏకంగా కంపెనీ పెట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నారు. నాకు పన్ను నోటీసు వచ్చింది, నేను ఆటో తోలుకునేవాణ్ని. జీఎస్టీ పోర్టల్లో "సెర్చ్ బై పాన్" అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. మీ పాన్ కొట్టి చూడండి. నాది తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఇప్పుడు రద్దయింది.

గోదారిగట్టు
కొట్టి చూశాను అన్నయ్యా. ఏమీ రాలేదు. ప్రాణం లేచొచ్చింది.

బ్యాంకు_రిటైర్డ్
ఆటో తమ్ముడు మంచి సంగతి గుర్తుచేశాడు. ఇంకో రెండు చూడాలి. టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుస్తుంది, మీది కానిదాన్ని అక్కడే "నా నంబరు కాదు" అని పెట్టొచ్చు. రెండోది, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయాల పట్టిక) తెరిచి సేవింగ్స్ వడ్డీ దగ్గర చూడండి. మీకు తెలియని బ్యాంకు పేరు అక్కడుంటే మీ పాన్ మీద వేరే ఖాతా నడుస్తోందన్నమాట.

గోదారిగట్టు
సార్… ఉంది. నేను ఎప్పుడూ వినని బ్యాంకు. వడ్డీ 37 రూపాయలు. సిమ్‌లు నాలుగున్నాయి, నావి రెండే.

కరీంనగర్_అన్న
37 రూపాయలు దొంగను పట్టించినయ్!

బ్యాంకు_రిటైర్డ్
తొందరపడొద్దు, ఇంకా పట్టుకోలేదు. కానీ అమ్మా, ఇది లోన్ల కంటే ముందు చేయాల్సిన పని. ఆ ఖాతాలోకి వేరే మోసాల డబ్బు వస్తే పోలీసులు ఖాతాదారు పేరు చూసి మీ ఇంటికే వస్తారు. ఈ రోజే ఆ బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టండి: ఈ ఖాతా నాది కాదు, లావాదేవీలు ఆపండి, ఖాతా తెరిచిన కాగితాలు భద్రపరచండి, స్టేట్‌మెంటు దర్యాప్తు అధికారికి ఇవ్వండి అని. "మూసేయండి" అని మాత్రమే రాస్తే మూసేసి చేతులు దులుపుకుంటారు. సాక్ష్యం నిలవాలి.

గోదారిగట్టు
ఆదివారం మాస్టారు గారు తోడు వచ్చారు. సీఐ గారు పావుగంట విన్నారు. ఏఐఎస్ కాగితం, సిమ్‌ల స్క్రీన్‌షాటు, నాలుగు రిపోర్టులు ఒక ఫైల్లో వరుసగా పెట్టుకుని వెళ్లాను. ఆయన పేజీలు తిప్పి, "ఇలా పెట్టుకొస్తే మాకూ పని తేలిక" అన్నారు. ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ చేతిలో ఉంది.

ఇంకో మాట. ఒక లోన్ కంపెనీ కేవైసీ సెల్ఫీ పంపింది. అందులో ఉన్నది నేను కాదు, ఎవరో ఇరవై ఏళ్ల అమ్మాయి. పాన్ కార్డు మీద నా పేరు, నా నంబరు, ఫొటో మాత్రం ఆమెది. మా ఆయనకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నన్ను క్షమించు" అన్నారు. నేనేమీ అనలేదు. టీ పెట్టుకొచ్చి ఇచ్చారు, తాగాను.

వరంగల్_పిల్ల
అక్కా 🙏

ఒంగోలు_గిత్త
ఆ అమ్మాయి కూడా పాపం ఎవరి చేతిలోనైనా మోసపోయి ఉండొచ్చు. రెండు వేలిస్తాం ఒక ఫొటో దిగు అంటే దిగేవాళ్లు ఉంటారు.

లా_చదువుతున్నా
కావొచ్చు, దర్యాప్తులో తేలుతుంది. గోదారిగట్టు గారూ, ఆ ఫొటో ఎక్కడా పెట్టకండి, ఈ గ్రూపులో కూడా. పోలీసులకు మాత్రమే ఇవ్వండి.

నిజాంపేట_శ్రీమతి
అసలు కాగితాలు ఎక్కడ లీకయ్యాయో తెలిసిందా? నేను ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఓనరుకు, సిమ్‌కు, పిల్లాడి స్కూలుకు, జిమ్‌కు… లెక్కలేనన్ని జిరాక్సులు ఇచ్చాను. ఇది చదివాక నిద్ర పట్టట్లేదు.

గోదారిగట్టు
తెలియలేదండీ. రెండేళ్ల క్రితం ఒక షాపులో పాన్ కరెక్షన్‌కు ఇచ్చాను. అక్కడే అయి ఉంటుందని అనుమానం. రుజువు లేదు, అందుకే ఎవరి పేరూ చెప్పను.

చీరాల_నేత
జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా పని కోసం మాత్రమే", తేదీ, సంతకం రాసివ్వండి. అక్షరాలు ఫొటో మీదికి వచ్చేలా రాయాలి. ఆధార్ అయితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వొచ్చు.

మచిలీపట్నం_బుల్లోడు
మా పెద్దమ్మాయికి సంబంధం చూస్తుంటే వాళ్లు జాతకంతో పాటు సిబిల్ స్కోరు అడిగారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ముందు మేమే అందరివీ తీసి చూసుకున్నాం, శుభ్రంగా ఉన్నాయి.

గోదారిగట్టు
వసూలు వాళ్లు నిన్న రాత్రి 9 గంటలకు మళ్లీ చేశారు. ఎఫ్‌ఐఆర్ నంబరు చెప్పినా వినలేదు. "మీ వీధిలో అందరికీ చెబుతాం" అన్నారు.

బ్యాంకు_రిటైర్డ్
ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత చేయకూడదు. బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి అవమానించకూడదు. 2022 ఆగస్టు నుంచి ఆర్బీఐ ఆదేశం ఉంది. కాల్ రికార్డు చేయండి. లోన్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఎఫ్‌ఐఆర్‌తో పాటు పంపండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులు, లోన్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్లో పెట్టొచ్చు, ఫీజు లేదు. 14448కి ఫోన్ చేసి అడగొచ్చు కూడా. క్రెడిట్ బ్యూరోల మీద ఫిర్యాదులు కూడా 2022 సెప్టెంబరు నుంచి అక్కడే తీసుకుంటున్నారు.

గోదారిగట్టు
చాలా రోజులకు వస్తున్నాను, క్షమించండి. జరిగింది రాస్తాను.

65,000 లోన్ కంపెనీ 19 రోజులకే తప్పు ఒప్పుకుని తీసేసింది. సెల్‌ఫోన్ లోన్ వాళ్లు 42 రోజులు చేశారు. గడువు దాటిన 12 రోజులకు 1,200 రూపాయలు నా ఖాతాలో వేశారు. ఆ 1,200 వచ్చిన రోజు మావయ్య గారు మెసేజ్ రెండుసార్లు చదివించుకుని, "కట్టేయమన్నది నేనే కదమ్మా" అన్నారు. పెద్దాయన, భయపడి అన్నమాట అది. ఏమీ మనసులో పెట్టుకోలేదు.

1,40,000 ది ఇంకా తేలలేదు. "మా రికార్డుల ప్రకారం సరిగ్గానే ఉంది" అని ఒక్క లైను జవాబు ఇచ్చారు. అంబుడ్స్‌మన్‌కు పెట్టి 26 రోజులైంది. దొంగ ఖాతా మాత్రం ఆగిపోయింది. స్కోరు 541 నుంచి 688కి వచ్చింది. మేనేజర్ గారు మూడోది కూడా పోతే రమ్మన్నారు.

కరీంనగర్_అన్న
సంతోషం అక్కా. నీది చూసి నేను కూడా ఆ సెటిల్డ్ మీద మళ్లీ రాసిన. బావమరిదే స్వయంగా "లోన్ నేనే తీసిన" అని కాగితం మీద సంతకం పెట్టిచ్చిండు. అయితదో కాదో చూడాలె.

బ్యాంకు_రిటైర్డ్
గోదారిగట్టు గారూ, ఆ రెండు కంపెనీల నుంచి "ఈ లోన్‌తో ఈమెకు సంబంధం లేదు" అని లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకున్నారా? మెయిల్ ఒక్కటే చాలదు. కంపెనీలు మొండి బకాయిలను వేరే సంస్థలకు అమ్మేస్తాయి. రెండేళ్ల తరువాత ఎవడో కొత్తవాడు పాత జాబితా పట్టుకుని ఫోన్ చేస్తాడు. మీ రిపోర్టులోకి అదే లోన్ మళ్లీ వచ్చినా రావచ్చు. మూడు నెలలకోసారి చూసుకుంటూ ఉండండి, ఒక్కో బ్యూరో ఉచిత రిపోర్టు ఒక్కోసారి తీస్తే ఏడాదంతా సరిపోతుంది.

గోదారిగట్టు
అడిగి తీసుకున్నాను సార్, రెండూ వచ్చాయి. ఎఫ్‌ఐఆర్‌తో కలిపి ఒక కవరులో పెట్టి బీరువాలో పెళ్లిచీర కింద దాచాను. మూడో ఉత్తరానికి చోటు ఉంచాను.